‘మామయ్య’ అంటే ఎవరు?

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. వారి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో రెండూ కలిసిన భాష. అటువంటి పసిపిల్ల ఒకతె లైంగిక దురాగతానికి గురై, న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పవలసి వస్తే ఆమె మాట న్యాయమూర్తికి ఎలా చేరుతుంది? ఇంగ్లీషు సాహిత్యం చదివి, అనువాదమే వృత్తిగా చేసుకున్న నన్ను ఈ ప్రశ్న వదలదు.

‘మామయ్య చేశాడు’ అంటుంది ఆ పిల్ల. తెలుగులో మామయ్య తల్లికి అన్నో తమ్ముడో కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, పక్కింటి పెద్దమనిషీ కావచ్చు. హిందీలో ‘మామా’ అని రాస్తే మొదట తోచేది తల్లి తోబుట్టువే. నేరం ఒకరిది, నింద మరొకరిది! ఎప్పుడని అడిగితే ‘మొన్న’ అంటుంది. పసివాళ్లకు గడిచిన రోజులన్నీ మొన్నలే. కాగితం మీద అది రెండు రోజుల కిందటి తేదీగా మారితే, ఆనాడు నిందితుడు ఊళ్లో లేడని చూపడం ఎంతసేపు? ‘అతను నిన్ను ముట్టుకోలేదు కదా?’ అంటే పిల్ల ‘ఊఁ’ అంటుంది. అది ఒప్పుకోవడమా, వింటున్నాననడమా?

చట్టం ఈ చిక్కులను గుర్తించకపోలేదు. ప్రశ్న గ్రహించి సబబైన జవాబు చెప్పగలిగితే చాలు, సాక్ష్యానికి వయసు అడ్డు కాదని 1872 నాటి చట్టమే చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టమూ అదే అంటున్నది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం న్యాయవాదులు పిల్లలను నేరుగా ప్రశ్నించరాదు. వారి ప్రశ్నలను న్యాయమూర్తే అడగాలి. సాక్ష్యమిచ్చేవేళ నిందితుడు పిల్ల కంటబడరాదు. కోర్టు కేసు స్వీకరించిన 30 రోజుల్లో సాక్ష్యం నమోదు కావాలి; ఆలస్యమైతే కారణం రాయాలి. అవసరమైనప్పుడు అనువాదకుల సాయం తీసుకోవచ్చునని 38వ సెక్షను చెబుతున్నది.

ఆ అనువాదకులు చేయవలసిన పని సాహిత్యానువాదం వంటిది కాదు. కథలో తెగిన వాక్యాన్ని అతకడం, మొరటు మాటను నునుపు చేయడం నేర్పు అనిపించుకోవచ్చు. కోర్టులో అది ద్రోహం. పిల్ల తన శరీరభాగానికి ఇంట్లో నేర్చిన ముద్దుపేరు చెబితే, దాని స్థానంలో వైద్యుల పదం పెట్టామనుకోండి: ‘ఈ మాట ఐదేళ్ల పిల్లకు ఎలా తెలుసు? ఎవరో నేర్పారు’ అన్న వాదనకు మనమే దారి ఇచ్చినట్లు. పిల్ల మాటను ఉన్నదున్నట్లు ఉంచి, అర్థం విడిగా చెప్పాలి. ‘ఏ మామయ్య?’ అని అడగమని న్యాయమూర్తిని కోరాలి గాని, ఊహించి పూరించరాదు. ‘మొన్న’ అంటే ఏ పండుగకు ముందో, బడి సెలవులకు తరువాతో న్యాయమూర్తే అడిగి తెలుసుకోవాలి.

ఈ ఊళ్లో హో, సంతాలీ, ఒడియా, బెంగాలీ మాట్లాడే పిల్లలకూ ఇదే ఇబ్బంది. ప్రతి జిల్లా బాలల సంరక్షణ విభాగమూ అనువాదకుల జాబితా ఒకటి ఉంచాలని 2020 నాటి పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. తెలుగుకు నా పేరు చేర్చమని అర్జీ పెట్టుకున్నాను. ఆ పిలుపు ఎన్నటికీ రాకూడదనే నా కోరిక. వస్తే మాత్రం, ఆ పిల్ల ‘మొన్న’ అన్నది ‘మొన్న’గానే న్యాయమూర్తి చెవిన పడాలి.