బర్చ్ చెట్టు వాసన
చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల షాపులో కొన్న సోవియట్ పుస్తకాల బొమ్మల్లో తెల్లటి బెరడుతో బర్చ్ చెట్లు ఎన్ని చూశానో. వాటికో వాసన ఉంటుందని మాత్రం తట్టలేదు.

ఆ బెరడును గాలి తగలనివ్వకుండా కాలిస్తే నల్లటి తారు దిగుతుంది. పొగ, తోలు, ఆరిన చలిమంట కలిసిన ఘాటు. రష్యాలో తోళ్లు తడికి పాడవకుండా ఆ తారునూనె పట్టించేవాళ్లు. 'రష్యన్ లెదర్' అనే సెంట్ల వరస అక్కణ్ణుంచే పుట్టింది. 1921లో షనెల్ నంబర్ 5 సెంటు చేసిన ఎర్నెస్ట్ బో కూడా మాస్కోలో పుట్టి, అక్కడి రాలే అనే సెంట్ల కంపెనీలో పని నేర్చుకున్నవాడే.

ఇప్పుడు అదే మాస్కోకు చెందిన అన్నా జ్వోరికినా అనే ఆవిడ తన పేరుతోనే, సహజ పదార్థాలతో పరిమళాలు కూరుస్తున్నారు. అది కష్టమైన దారి. పంట మారితే నూనె వాసన మారుతుంది. ఒంటి మీద తొందరగా ఆరిపోతుంది కూడా. అయినా నాకు అదే నచ్చుతుంది. మన మల్లెలు మాత్రం రోజూ ఒకేలా ఉంటాయా?

బర్చ్ తారు వాసన చూసినవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే, ఎలా ఉందో నాలుగు మాటలు రాయండి.