నారీ అంటే నిప్పు

మావాడి కిర్దార్ ఫైర్ జెనాసీ, అంటే జిన్నుల రక్తమున్న నస్ల్. ఆ కిర్దార్‌ని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నుంచి పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌కి మార్చాలి. దోస్తులంతా ఆ ఆటకి వెళ్లిపోయారట. "అబ్బా, జర మీరూ చూడండి" అని కాగితాలు ముందు పెట్టాడు.

హిసాబ్‌లోనే మొదటి గుస్సా. పాత ఆటలో నిప్పు దెబ్బ సగమే తగిలేది, 20కి 10. కొత్త ఆటలో లెవెల్‌లో సగం మాత్రమే మాఫ్. ఆరో లెవెల్ వాడికి 3 పోను 17 భరించాల్సిందే.

అసలు ముష్కిల్ నస్ల్ దగ్గర. అక్కడ జెనాసీ అంటేనే మొత్తం నస్ల్. ఇక్కడ ముందు మనిషో, ఎల్ఫో, డ్వార్ఫో, ఏదో ఒక ఖాందాన్ రాయాలి. నిప్పు దాని మీద కప్పే చాదర్, హెరిటేజ్ అంటారు. దానికి ముందు ఇఫ్రీత్ అని పేరుండేది, 2023లో నారీ అయింది. నా తెలుగు డిగ్రీకి నారి అంటే ఆడమనిషి. ఉర్దూ బడిలో మాత్రం నార్ అంటే నిప్పు. జిన్నాత్ నారీ, మనం ఖాకీ, మట్టివాళ్లం.

పేరు వినగానే మనల్ని ఒకే గడిలో రాసేసేవాళ్లని చాలామందిని చూశాను. అందుకే ఈ రెండు గడుల తరీఖా నాకు పసంద్.

మరి వీడి ఖాందాన్? ఇన్నాళ్లూ ఆటలో ఎవరూ అడగలేదు. "అమ్మీ మనిషే" అన్నాడు మావాడు, సోచాయించకుండానే. మొదటి గడిలో అదే రాశాం. ఆ అమ్మీకి పేరు కూడా పెట్టాలట. రాత్రి పదకొండైనా తేల్లేదు.