నందిగామ దారిలో మొరాయించిన బండి

జగ్గయ్యపేట నుంచి నందిగామ ఎంతో దూరం కాదు. ఊళ్ళో బయలుదేరి చిల్లకల్లు దగ్గర హైదరాబాదు–విజయవాడ రహదారి ఎక్కితే సుమారు 30 కిలోమీటర్లు. బస్సులో కూర్చుని ఒక కునుకు తీసేలోపే వచ్చేస్తుంది. ఆ కాస్త ప్రయాణానికి గడచిన శ్రమకాల దినాలలో నాకు మూడు గంటలకు పైగా పట్టింది. బండి బాగుపడటానికి కొంత సమయం పట్టింది. నేను బాగుపడటానికి ఇంకా ఎక్కువ పట్టింది. ఆ సంగతి ప్రియ పాఠకులతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ప్రాంతం ఎరుగని వారి కోసం ముందు ఊరి సంగతి. కృష్ణా జిల్లా అనగానే చాలామందికి కాలువలు, వరిచేలు, కొబ్బరిచెట్లు గుర్తుకొస్తాయి. మాది ఆ కృష్ణా కాదు. ఇది పడమటి మెట్ట. నల్లరేగడి చేలు, పత్తి, మిరప, మధ్యమధ్య సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ రెండు ఊళ్ళూ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి గాని, పెద్దవాళ్ళ నోట ఇంకా "కృష్ణా జిల్లా మెట్ట" అనే మాటే వస్తుంది.

జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు ఈ ఊరికి పెట్టాడు. ఊరి పక్కన ధనంబోడు అనే గుట్ట ఉంది. పేరు విని అక్కడ ధనం ఉందనుకుంటే పొరపాటే. 1882లో బర్జెస్ అనే పురావస్తు పరిశోధకుడు అక్కడ వెలుగులోకి తెచ్చింది బౌద్ధుల స్తూపాన్ని. ఇక నందిగామ వైపు వెళితే మన క్రైస్తవుల చరిత్ర తగులుతుంది. 1859లో డార్లింగ్ దొరగారి చేత బాప్తిస్మం పొందిన పగోలు వెంకయ్యగారి రాఘవాపురం ఆ పరిసరాలలోనిదే.

నందిగామ అవతల ఒక పల్లెలో ఆ సాయంత్రం ఉజ్జీవ కూటం. మా సంఘపు పికప్ బండిలో కుర్చీలు, షామియానా గుంజలు, మైకు పెట్టెలు, జనరేటరు ఎక్కించాం. వెనుక ఇద్దరు సహోదరులు కూర్చున్నారు. బండి నడిపేది మా సంఘంలోని ఒక విధవరాలి కుమారుడు. ఇరవై రెండేళ్ళవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. ముందురోజు నేనే డబ్బులిచ్చి డీజిలు పట్టించుకు రమ్మన్నాను.

చిల్లకల్లు దాటేదాకా బండి బాగానే నడిచింది. రోడ్డు పక్క కళ్ళాలలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి వీస్తే ఘాటు ముక్కుకు తగులుతోంది. గౌరవరం దాటి ఒక చిన్న ఎగువ దగ్గరికి వచ్చేసరికి బండి ఒక్కసారి జంకింది. అబ్బాయి యాక్సిలేటర్ తొక్కుతున్నాడు, బండి మాత్రం లాగటం లేదు. పైగా ఒళ్ళంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకు. గేరు తగ్గిస్తే కాస్త కదిలేది. మళ్ళీ పై గేరు వేయగానే అదే వణుకు, అదే నీరసం. నవాబుపేట దగ్గర బండి పక్కకు తీసి ఆపాడు. ఆపి ఉంచితే ఇంజను ఏమీ ఎరగనట్టు నెమ్మదిగా తిరుగుతోంది!

నా చేతి గడియారం నాలుగు చూపిస్తోంది. ఆరున్నరకు కూటం. నాకు ఓపిక నశించింది. ఎక్కడో విన్న మాట మనసులో మెదిలింది: కల్తీ డీజిలు పోస్తే బండి ఇలాగే వణుకుతుందట.

"ఎక్కడ పట్టించావురా డీజిలు?" అన్నాను.

"బంకులోనే అయ్యగారూ."

"బంకులోనా, లేక రోడ్డు పక్క డ్రమ్ముల దగ్గర చౌకగా పోయించి మిగిలింది జేబులో వేసుకున్నావా?"

ఆ మాట నా నోటినుంచి వచ్చాక గాని ఎంత పెద్దదో నాకు తెలియలేదు. వెనుకనున్న సహోదరులు ఇద్దరూ విన్నారు. అబ్బాయి నా వైపు చూడలేదు. తాళం చెవి తీసి సీటు మీద పెట్టాడు. "కూటం అయ్యాక వేరే వాళ్ళను చూసుకోండి అయ్యగారూ" అన్నాడు. కాసేపటికి తానే మళ్ళీ తాళం తీసుకుని, మరో మాట లేకుండా, రెండో గేరులో, మూడో గేరులో బండిని ఈడ్చుకుంటూ అంబారుపేట మీదుగా నందిగామ చేర్చాడు.

నందిగామలో ఒక షెడ్డు ముందు ఆపాం. మేస్త్రి అరవై ఏళ్ళు దాటిన మనిషి. నేను దిగీ దిగగానే, "డీజిలు కల్తీ అయింది మేస్త్రీ, టాంకు కడగాలి" అన్నాను. ఆయన నవ్వి, "రోగం పేరు మీరే చెప్పేస్తే నాతో పనేముంది సార్? ముందు బండి నడిపినవాణ్ణి మాట్లాడనివ్వండి" అన్నాడు.

ఆ తరువాత ఆయన అబ్బాయిని అడిగిన ప్రశ్నలు నాకు కంఠస్తమయ్యాయి. నిలబెట్టి యాక్సిలేటర్ తొక్కితే వణుకుతుందా? అలా వణికితే ఇంజను కింది రబ్బరు దిమ్మలనో నాజిళ్ళనో చూడాలి. యాక్సిలేటర్ మీద కాలు తీసేసినా, వేగాన్ని బట్టి వణుకుతుందా? అయితే చక్రాలనో ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులనో అనుమానించాలి. ఇంజను గొంతు పెరుగుతుంటే బండి మాత్రం కదలకుండా ఉంటుందా? అయితే క్లచ్ ప్లేటు జారుతోంది. పొగ నల్లగా ఉందా? గాలి చాలటం లేదు, లేదా డీజిలు ఎక్కువవుతోంది. నీలంగా ఉందా? ఇంజను ఆయిలు కాలుతోంది. అబ్బాయి ఒక్కొక్కదానికి నిదానంగా జవాబు చెప్పాడు. నిలబెడితే వణుకు లేదు. కాలు తీస్తే లేదు. పొగలో తేడా లేదు. బరువుతో ఎగువ ఎక్కేటప్పుడు, కాలు గట్టిగా తొక్కినప్పుడే వస్తుంది.

"అంటే ఇంజను ఎక్కువ అడిగినప్పుడు దానికి డీజిలు చాలటం లేదు" అన్నాడు మేస్త్రి. ముందు గాలి ఫిల్టరు విప్పి దులిపాడు. మా మెట్ట దుమ్ము కొంత రాలింది గాని అది మూసుకుపోలేదు. తరువాత డీజిలు ఫిల్టరు అడుగున మర విప్పి, కొంచెం డీజిలు గాజు సీసాలోకి పట్టి పక్కన పెట్టాడు. నీళ్ళు కలిస్తే డీజిలు కంటే బరువు కాబట్టి అడుగుకు దిగుతాయట. మేము టీ తాగి వచ్చి చూస్తే సీసా అడుగున ఏమీ లేదు. నా గుండెలో మొదటి ముల్లు అప్పుడు గుచ్చుకుంది.

ఆ తరువాత ఆయన చేసిన పని నేను మరువలేను. మా టాంకులోని డీజిలునే ఒక డబ్బాలోకి తోడి, ఆ డబ్బాను ముందు భాగంలో వేలాడదీసి, దానినుంచి వేరే గొట్టంతో పంపుకు కలిపాడు. చేతి పంపు కొట్టి లోపలి గాలి తీసేసి, అబ్బాయిని ఒక చుట్టు తిప్పుకు రమ్మన్నాడు. అదే బండి, అదే బరువు. వణుకు లేదు, నీరసం లేదు. బాణంలా వెళ్ళి వచ్చింది.

"చూశారా సార్? మీ డీజిలే పోశాను. దారి మార్చాను, అంతే. తప్పు డీజిలుది కాదు, అది వచ్చే దారిది" అన్నాడు.

బండి కింద దూరి, టాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టం వెంట వేళ్ళతో తడుముతూ పోయి ఒకచోట ఆగాడు. గొట్టం ఒరిపిడికి అరిగి సన్నగా చిట్లింది. ఇంజను అక్కడినుంచి డీజిలును లోపలికి పీలుస్తుంది గనుక, ఆ చిల్లులోంచి చుక్క బయటికి కారదు. గాలే లోపలికి పోతుంది. గట్టిగా పీల్చినకొద్దీ గాలి ఎక్కువగా పోతుంది. కింద నేల మీద తడి లేదు, పైకి ఏ గుర్తూ లేదు.

దేనికి ఒరుసుకుందో చూద్దామని నేనూ వంగాను. అది ఇనుప చట్రం. షామియానా గుంజలు పెట్టుకోవడానికి నెల క్రితం నేనే దగ్గరుండి బాడీ కింద వెల్డింగు చేయించిన చట్రం. బరువు ఎక్కినప్పుడు అది కిందికి దిగి గొట్టాన్ని నొక్కుతోంది. ఆ రోజు ఈ అబ్బాయే, "గొట్టానికి దగ్గరగా ఉందయ్యగారూ, కొంచెం ఎడంగా పెట్టిద్దాం" అన్నాడు. పనివాడికి ఆలస్యమవుతుందని నేనే వినలేదు. షెడ్డులో ఆ మాట అబ్బాయి గుర్తు చేయలేదు. చేయవలసిన అవసరం లేకపోయింది.

సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. షిలోహులో మందిరపు ద్వారం దగ్గర కూర్చున్న ఏలీ యాజకుడు హన్నా పెదవులు కదలటం చూశాడు, స్వరం వినబడలేదు. తాగి ఉందని తీర్మానించాడు. ఆయన చూసినది నిజమే, చెప్పిన కారణమే అబద్ధం. లోపల ఆ తల్లి హృదయం పగిలిపోతోందని ఆయనకు తెలియదు. ప్రసంగించిన ప్రతిసారీ నేను హన్నా పక్షాన నిలబడి మాట్లాడాను. ఆ సాయంత్రం నందిగామ షెడ్డులో, గ్రీజు మరకల నేల మీద, నేను ఏలీ కుర్చీలో కూర్చున్నానని నాకు తెలిసింది. అయితే ఏలీలో ఒక మంచి ఉంది. హన్నా జవాబు విన్నాక తన మాట పట్టుకుని వేలాడలేదు. ఆమెను దీవించి సమాధానంతో పంపాడు.

నింద వేసింది ఇద్దరి ముందు. కాబట్టి చాటుగా పిలిచి భుజం తడితే సరిపోదనిపించింది. సహోదరులిద్దరినీ పిలిచి, మేస్త్రి ఎదుటనే, "బాబూ, నిన్ను దొంగ అన్నాను. తప్పు నాది. చట్రమూ నాదే. నన్ను క్షమించు" అన్నాను. అబ్బాయి సబ్బుతో చేతులు రుద్దుకుంటూ చాలాసేపు తల ఎత్తలేదు. కొత్త గొట్టం వేసి, చట్రాన్ని అంగుళం ఎడంగా కోయించి, మేస్త్రి కూలి చెల్లించేసరికి ఏడు దాటింది. అప్పుడు అబ్బాయి తాళం తీసుకుని, "ఎక్కండి అయ్యగారూ, జనం కనిపెట్టుకుని ఉంటారు" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. తరువాతి ఆదివారం గుడి ముందు బండి తుడుస్తూ కనబడితే నా కన్నులు చెమర్చాయి.

ప్రియ పాఠకులారా, బండి ఉన్నవారు ఏడాదికోసారి టాంకు నుంచి ఇంజను దాకా గొట్టాలను తడిమి చూపించుకోండి. అరిగినది మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. బండి లేనివారికి కూడా కుటుంబం ఉంది, సంఘం ఉంది. ఇంట్లో ఒక బిడ్డ నీరసించినా, సంఘంలో ఒకరి ముఖం మారినా, రోగం పేరు మనం ముందే పెట్టేయకుండా ఆ మేస్త్రిలాగా అడుగుదాం: ఎప్పుడు వస్తోంది? ఏ బరువు మోసేటప్పుడు వస్తోంది? ఆ బరువు కింద మనం చేయించిన చట్రం ఏదైనా ఉందేమో, ముందు మనమే వంగి చూద్దాం. అట్టి దీనమనస్సు ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.