పోయిన పేరు... తిరిగొచ్చింది!

ఓకమ్ కోటలో అడుగుపెడితే మొదట కనిపించేవి గుర్రపు నాడాలే. గోడల నిండా... రెండొందలకు పైనే! కొన్ని మామూలువి. కొన్ని మాత్రం ఏ గుర్రానికీ పట్టనంత పెద్దవి, పైన కిరీటం బొమ్మతో, బంగారుపూతతో మెరుస్తుంటాయి. ఈ ఊరిమీదుగా తొలిసారి వెళ్లే రాజైనా, ప్రభువైనా కోటకు ఓ నాడా సమర్పించుకోవాలన్నది ఇక్కడి ఆచారం. ఇప్పుడున్న వాటిలో అన్నిటికన్నా పాతది పదిహేనో శతాబ్దంలో రాజు నాలుగో ఎడ్వర్డ్ ఇచ్చిందంటారు. ఇంగ్లండులో చాలాచోట్ల అదృష్టం జారిపోకూడదని నాడా కొసలు పైకి ఉండేలా బిగిస్తారు. ఓకమ్‌లో మాత్రం తలకిందులు. లేదంటే ఆ వంపులో దయ్యం వచ్చి కూర్చుంటుందట!

ఈ ఓకమ్ రట్లాండ్ కౌంటీకి కేంద్రం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదన్నమాట. ఇంగ్లండు చారిత్రక కౌంటీల్లోకెల్లా ఇదే చిన్నది. విస్తీర్ణం సుమారు 382 చదరపు కిలోమీటర్లు. పట్టణాలు రెండే... ఓకమ్, అప్పింగ్‌హామ్. మిగతావన్నీ రాతి ఇళ్ల పల్లెలు. 'కొంచెంలోనే ఎంతో' అనే అర్థమొచ్చే లాటిన్ మాట వీళ్ల నినాదం. తగ్గట్టే, 1619లో ఓకమ్‌లో పుట్టిన మరుగుజ్జు జెఫ్రీ హడ్సన్ ఏకంగా రాణి హెన్రియెట్టా మారియా కొలువుకెక్కాడు. విందులో బల్లమీద పెట్టిన పెద్ద పిండివంటను చీల్చుకుని బయటికొచ్చి, రాణిగారిని నివ్వెరపరిచాడు మరి!

చిన్నదైతేనేం, పేరంటే వీళ్లకు ప్రాణం. పక్కనున్న లెస్టర్‌షైర్‌లో కలిపేస్తామన్న ప్రతిపాదన 1960ల్లో వస్తే పోరాడి ఆపించుకున్నారు. రెండోసారి ఆపలేకపోయారు. 1974 ఏప్రిల్ 1న రట్లాండ్ కౌంటీ కాకుండా పోయింది. లెస్టర్‌షైర్‌లో ఓ భాగంగా మిగిలింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే గ్వాష్ నది లోయకు అడ్డంగా ఆనకట్ట లేస్తోంది. పీటర్‌బరో, నార్తాంప్టన్ లాంటి పెరుగుతున్న పట్టణాలకు తాగునీటి కోసం. అందుకు మూడువేల ఎకరాలకు పైగా భూమి నీటిపాలైంది. అసలే చిన్న కౌంటీ, అందులో ఇంత! నెదర్ హాంబుల్టన్ అనే పల్లె పూర్తిగా మునిగింది. మిడిల్ హాంబుల్టన్ చాలావరకూ పోయింది. గుట్టమీదున్న అప్పర్ హాంబుల్టన్ ఒక్కటే బతికి బయటపడింది... ఇప్పుడు దానికి మూడువైపులా నీళ్లే.

నార్మంటన్ చర్చి కూడా మునిగిపోవాల్సిందే. స్థానికులు ఊరుకోలేదు. చర్చి లోపల సగం ఎత్తువరకూ రాళ్లు, కాంక్రీటు నింపించి, ఆపైన కొత్త నేల వేయించారు. అందుకే ఇప్పుడు చూసేవాళ్లకు అది నడుముదాకా నీళ్లలో దిగి నిలబడినట్టు ఉంటుంది. పెళ్లి ఫొటోలకు ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది! ఇక జలాశయం పేరంటారా... కట్టేటప్పుడు అందరూ ఎంపింగ్‌హామ్ జలాశయం అన్నారు. చివరికి 'రట్లాండ్ వాటర్' అయింది. పటంలో కౌంటీగా చెరిగిపోయిన పేరు అలా నీళ్లమీద మిగిలింది.

23 ఏళ్లు గడిచాయి. 1997 ఏప్రిల్ 1న రట్లాండ్‌కు సొంత పాలన తిరిగొచ్చింది. తపాలా శాఖ చిరునామాల్లో ఆ పేరును గుర్తించడానికి మాత్రం ఇంకో పదేళ్లు పట్టింది!

ముంచిన నీళ్లే ఈమధ్య పేరూ తెస్తున్నాయి. ఇంగ్లండులో ఎప్పుడో కనుమరుగైన ఆస్‌ప్రే గద్దల్ని 1996 నుంచి ఇక్కడికి తెచ్చి వదిలారు. 2001లో అవి గూడుకట్టి పిల్లల్ని చేశాయి. 2021లో జలాశయం బురదలో దాదాపు పది మీటర్ల పొడవున్న ఇక్తియోసార్ శిలాజం బయటపడింది. 18 కోట్ల ఏళ్లనాటి సముద్రపు జీవి అది!

ఇంతలో 2024 డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వం ఓ శ్వేతపత్రం తెచ్చింది. స్థానిక పాలన మండళ్లను పునర్వ్యవస్థీకరిస్తామనీ, చాలాచోట్ల ఒక్కోదానికి ఐదు లక్షలు, అంతకన్నా ఎక్కువ జనాభా ఉండాలనీ అందులో చెప్పింది. 2021 లెక్కల ప్రకారం రట్లాండ్ జనాభా 41 వేలు. యాభై ఏళ్లనాటి గొడవ మళ్లీ మొదటికొచ్చింది.