పేర్లు మారిన ఓడ

అబ్బా ఫిల్మ్‌నగర్‌లో ముప్ఫై ఏళ్లు సెట్ల వడ్రంగిగా పనిచేశారు. ఒక చిత్రంలో జమీందారు మేడమెట్లుగా నిలిచిన కొయ్య, రంగు మార్చుకొని మరొక చిత్రంలో న్యాయస్థానపు మెట్లయ్యేది. కనుక వస్తువులకు పేర్లు మారడం మా ఇంట వింత కాదు. అయినా, విహార నౌకలో వంటపని ఇప్పిస్తానని ఒక ఏజెంటు తమ్ముణ్ణి రెండు లక్షలు అడిగినప్పుడు, గాజులు అమ్మడానికి సిద్ధపడిన అమ్మీ ముందుగా అడిగింది ఒకటే: “ఆ ఓడ ఎవరిది బేటా?” ఓడ అనగానే ఆమెకు స్ఫురించేది మా నానా హజ్‌కు ఎక్కిన ఓడ. ముంబయి నుంచి జిద్దాకు సాగిన ఆ సముద్రయానం 1995తో నిలిచిపోయింది.

ఆమె ప్రశ్నకు జవాబు సులువు కాదు. 2022 జూన్‌లో విశాఖపట్నం రేవుకు వచ్చిన ‘ఎంప్రెస్’నే తీసుకోండి. 211 మీటర్ల ఈ నౌక ఫ్రాన్సులో తయారై, 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’గా రాయల్ కరీబియన్ సేవలో చేరింది. 2004లో ‘ఎంప్రెస్ ఆఫ్ ది సీస్’ అయింది. 2008లో స్పెయిన్‌కు చెందిన పుల్‌మంటూర్‌కు వెళ్లి, వట్టి ‘ఎంప్రెస్’గా మిగిలింది. 2016లో పాత సంస్థకే, పాత పేరుతోనే తిరిగివచ్చింది. ఆ రాకే దానిని కాపాడిందని నేననుకుంటాను. పుల్‌మంటూర్‌లో ఉండిపోయిన ‘సావరిన్’, ‘మోనార్క్’ నౌకలు, 2020లో కరోనా దెబ్బకు ఆ సంస్థ కూలిపోగా, తుర్కియేలోని అలియాగా తీరంలో తునకలయ్యాయి. వాటిలో మోనార్క్ దీనికంటే చిన్న వయసుది! ఎంప్రెస్ మాత్రం 2020 చివర అమ్ముడై, మరుసటి ఏడు కార్డీలియా నౌకగా మన తీరాలకు చేరింది.

ఓడ చేతులు మారితే లోపల గరిటె తిప్పేవాని గతి ఏమిటి? 2006 నాటి అంతర్జాతీయ నావిక కార్మిక ఒడంబడికను మన దేశం 2015లో ఆమోదించింది. యజమాని చేతులెత్తేస్తే జీతపు బకాయిలకూ, ఇంటికి చేర్చే ఖర్చుకూ ముందే ఆర్థిక హామీ ఉండాలన్నది ఇప్పుడు అందులోని నియమం. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని వద్ద రుసుము తీసుకోరాదు. పాస్‌పోర్టు, నావికుల పుస్తకం, వైద్య ధ్రువపత్రం ఖర్చులు వేరు. ఏజెంటుకు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ లైసెన్సు తప్పనిసరి.

తమ్ముడు ఆ లైసెన్సు నంబరు అడిగాడు. “రేపు చెబుతాను” అన్నాడు ఏజెంటు. ఆ రేపటికి మూడు వారాలు. గాజులు అమ్మీ చేతికే ఉన్నాయి. తమ్ముడు లైసెన్సున్న మరొక సంస్థకు దరఖాస్తు పంపాడు. రొట్టెలు కాల్చే విభాగమే కావాలనీ, మద్యం అందించే పని వద్దనీ అందులో స్పష్టంగా రాశాడు.