పన్నెండు నిలువు వరుసలు

చెన్నై గిండీలో ఒక టైప్‌సెట్టింగ్ యూనిట్ రెండో అంతస్తులో ఉంది. విదేశీ సైన్సు పత్రికల పేజీలు, ఇంజనీరింగ్ పుస్తకాలు ఇక్కడ తయారవుతాయి. లెక్కలున్నవన్నీ లాటెక్ సాఫ్ట్‌వేర్‌లోనే. ఆ విభాగం చూసే ఆవిడది నెల్లూరు. తెలుగువాణ్ణని తెలియగానే పక్కన కుర్చీ వేయించి, "మంచి రోజున వచ్చారు సార్, పెద్ద మాత్రిక ఒకటి పడింది" అన్నారు.

తెర మీద ఉన్నది త్రిమితీయ దూలానికి సంబంధించిన స్టిఫ్‌నెస్ మాత్రిక. 12 అడ్డు వరుసలు, 12 నిలువు వరుసలు. రచయిత సింపై అనే పైథాన్ లైబ్రరీలో లెక్క కట్టి, అదిచ్చిన కోడ్‌ను అతికించి పంపారు. నిలువు వరుసలు 10 దాటితే సింపై తనంతట తనే 'మ్యాట్రిక్స్' మానేసి 'అర్రే' వాడుతుంది. రచయిత గుండ్రటి బ్రాకెట్ల కోసం దాన్ని 'పీమ్యాట్రిక్స్'గా మార్చారు. లాటెక్‌లోని ఏఎంఎస్‌మ్యాథ్ ప్యాకేజీ మామూలుగా ఒప్పుకొనేది 10 నిలువు వరుసలే కాబట్టి ఎర్రర్ వచ్చింది. మ్యాక్స్‌మ్యాట్రిక్స్‌కాల్స్ విలువను 12 చేస్తే చాలు, ఒక్క లైను పని.

అసలు చిక్కు వెడల్పుతో. పేజీలో రాతకు దొరికే చోటు 12 సెంటీమీటర్లు.

"మొత్తం చిన్నది చేసి ఇరికిస్తే సరిపోదా అండీ?" అన్నాను.

ఆవిడ రీసైజ్‌బాక్స్ పెట్టి చూపించారు. మాత్రిక పేజీలో పట్టింది గానీ, దూలం పొడవు ఎల్‌కు స్క్వేర్ ఎక్కడో క్యూబ్ ఎక్కడో కంటికి ఆనలేదు. ఈ మాత్రికలో కొన్ని గళ్లకు హారం ఎల్ స్క్వేర్, కొన్నింటికి ఎల్ క్యూబ్. అది పొరపాటుగా చదివితే దూలం లెక్కే తప్పుతుంది. చదవలేని మాత్రికను అచ్చువేయడం కన్నా వేయకపోవడం మేలని నాకు అక్కడే అనిపించింది.

తర్వాత ఆవిడ చేసిన పని చూడాల్సిందే. మొత్తం 144 గళ్లలో 104 సున్నాలు. పైగా ఇది సౌష్ఠవ మాత్రిక. అందుకని నాలుగు 6×6 ముక్కలుగా విడగొట్టారు. కింది ఎడమ ముక్క పై కుడి ముక్కకు ట్రాన్స్‌పోజే కనుక దాన్ని వేయనక్కర్లేదు. మిగిలిన మూడూ మామూలు అక్షరాల సైజులో హాయిగా పట్టాయి. సున్నాల చోట చుక్కలు పెట్టేసరికి, ఒక్కో ముక్కలో మిగిలిన 10 విలువలు ఎలా అమరాయో తేటగా కనిపించింది. సాగడం, మెలితిరగడం, రెండు దిశల్లో వంగడం వేటికవే విడిగా ఉన్నాయి. ఈ అమరిక సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కోడ్‌లోనూ ఉంది, కానీ దాన్ని పాఠకుడి కంటికి అందించింది ఈవిడే.

చేత్తో మాత్రం ఒక్క గడీ కొట్టలేదు. రెండు వంపు దిశల్లో కొన్ని గళ్ల గుర్తులు తారుమారవుతాయి, టైప్ చేస్తే ఒక మైనస్ జారిపోవడం ఎంతసేపు! రచయిత దగ్గర పైథాన్ ఫైలు తెప్పించుకుని, ముక్కల్ని ప్రోగ్రాంతోనే రాయించారు. చివరికి పేజీలోని కోడ్‌నుంచి గళ్లను తిరిగి చదివించి, అసలు మాత్రికతో తీసివేత చేయించారు. అన్నీ సున్నాలే వచ్చాయి. అప్పుడే ఫైలు ముందుకు పంపారు.

లాటెక్‌కు ఆధారమైన టెక్‌ను డొనాల్డ్ నూత్ 1977లో మొదలుపెట్టింది, తన పుస్తకం కొత్త కూర్పు ప్రూఫులు చూసి మనసు ఒప్పకనే. ఆ పట్టుదల ఈ గదిలో ఇంకా ఉంది.

పరిశోధకులకు నా మనవి ఒక్కటే. పెద్ద మాత్రిక పంపేటప్పుడు దాన్ని పుట్టించిన ప్రోగ్రాం ఫైలు కూడా జతచేయండి.