సంఘం వాకిలి, పార్టీ గడప

చిన్న పార్టీ తన సిద్ధాంత శుద్ధిని, అంటే రాసుకున్న పంథా నుంచి రవ్వంత కూడా తప్పుకోకూడదన్న పట్టుదలను, కాపాడుకోవాలా, లేక వచ్చినవారందరినీ కలుపుకుపోవాలా అన్న ప్రశ్నకు తూర్పు కనుమల చరిత్రలో ఖరీదైన జవాబు ఉంది. శ్రీకాకుళం ఏజెన్సీలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఉపాధ్యాయులు నిలబెట్టిన గిరిజన సంఘంలో చేరడానికి మార్క్సును చదివి ఉండనక్కరలేదు. సావుకారు దగ్గర తాకట్టులో చిక్కిన చెక్క భూమి, ఏడాదికి కుదిరిన పాలేరుకు దక్కే చాలీచాలని జీతం, ఇవే మనిషిని సంఘానికి నడిపించాయి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్నవారిని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి, కోరన్న, మంగన్న అనే గిరిజనులను కాల్చి చంపిన తరువాత ఉద్యమం క్రమంగా ఆయుధం వైపు మళ్లింది. 1969లో కమ్యూనిస్టు విప్లవకారుల అఖిల భారత సమన్వయ కమిటీతో ఆంధ్ర నాయకుడు తరిమెల నాగిరెడ్డి వర్గానికి తెగతెంపులు కాగా, ఏప్రిల్ 22న ఏర్పడిన సీపీఐ (ఎంఎల్) పార్టీ తన నాయకుడు చారు మజుందార్ చెప్పిన వర్గశత్రు నిర్మూలనను, అంటే రహస్య దళాలతో భూస్వాములను హతమార్చే పద్ధతిని, పైకెత్తడంతో బహిరంగ సంఘం వెనకబడిపోయింది. 1970 జూలైలో సత్యం, కైలాసం పోలీసుల చేతిలో హతులయ్యారు.

మొండెంఖల్లు ఉన్న కురుపాం నేడు అరకు లోక్‌సభ స్థానంలో భాగం. 2024 ఎన్నికల్లో అక్కడ కాంగ్రెస్ మద్దతుతో నిలబడిన సీపీఎం కూడా ఓడిపోయింది కనుక, కలుపుకుపోవడమే గెలుపు మంత్రమని చెప్పడానికీ వీలులేదు. అయినా గిరిజనుణ్ణి సంఘానికి రప్పించినది తాకట్టు పొలమే. ఆ పొలం లెక్క మరిచిన పంథా ఎంత శుద్ధమైనదైనా కొండ మీద ఎక్కువకాలం నిలవదు.